జీడి తీసివేత

పలక మీద పచ్చదీపం వెలిగినా దమయంతి చేతులు తీయలేదు. వెనక వరసలో ఆడవాళ్లు గొణుక్కున్నారు. మేస్త్రి అద్దాల గదిలోంచి లోపలికి పొమ్మని చెయ్యి ఊపాడు.

"ఇంకోపాలి సూడమను దీన్ని," అందామె.

"పచ్చ వొచ్చీసింది కదమ్మా. ఇంకేటి సూడాలి, జాతకమా?" అన్నాడు మేస్త్రి.

వరసంతా నవ్వింది. దమయంతి నవ్వలేదు. రెండోసారి కూడా పచ్చదీపమే వెలిగింది. ఆమె చేతులు తీసి, పలక వైపు మోసం చేసిన మనిషిని చూసినట్టు చూసి, షెడ్డులోకి నడిచింది.

పలాసలోని ఆ జీడి కర్మాగారం గేటు దగ్గర పలక పెట్టి నాలుగు నెలలైంది. జీడిపిక్కల సొన వేళ్ల మీది గీతలను తినేస్తుంది కాబట్టి పాత హాజరు మిషన్లు ఈ ఆడవాళ్లను గుర్తుపట్టేవి కావు. ఈ పలకకు వేలిముద్రలతో పనిలేదు. రెండు చేతులూ ఆనిస్తే చర్మం కింద నెత్తురు పారే దారులను చూసి మనిషెవరో చెబుతుంది. ఆ చూపుతోనే ఇంకో పని కూడా చేస్తుంది. నెత్తురులో తెల్లకణాలు గుంపులు కట్టి నడుస్తుంటే పలకలోని వెలుతురు తడబడుతుంది. ఆ తడబాటును లెక్కగట్టి, మనిషికి ఏమీ తెలియకముందే, నెత్తురు కేన్సరు మొదలవుతోందని ఎర్రదీపం వెలిగిస్తుంది. విశాఖపట్నంలో దాన్ని తయారుచేసిన ప్రయోగశాలలో దమయంతి చెల్లెలు ఊర్మిళ పెద్ద ఇంజనీరు. అందుకే పలక వచ్చిన రోజు మేస్త్రి దమయంతి చేతనే కొబ్బరికాయ కొట్టించాడు.

ఇప్పుడా పలక రోజూ పొద్దున్నే ఆమెకు బాగుందని చెబుతోంది. ఆమెకు మాత్రం బాగాలేదు.

మొదట చిగుళ్లు ఉబ్బాయి. పళ్లను సగందాకా కప్పేసేలా ఉబ్బి, బ్రష్షు తగిలితే చాలు నెత్తురు కారేవి. తర్వాత కింది పెదవి నుంచి గడ్డందాకా తిమ్మిరి పట్టింది. టీ కారి జాకెట్టు మీద పడుతున్నా తెలిసేది కాదు, ఎదురుగా కూర్చున్న భర్త కూర్మారావు చెప్పాల్సి వచ్చేది. ఆ తర్వాత కుడిచేతి వెనక ఎర్రగా, ఉబ్బెత్తుగా, రూపాయి బిళ్లంత మచ్చలు లేచాయి. జ్వరం వచ్చిపోయేది. షెడ్డులో ఎవరికి చూపించినా ఒకటే మాట: జీడి సొన పడి ఉంటుంది, ఆముదం రాసి బూడిద అద్దు. ఇరవై రెండేళ్లుగా ఆమె కూడా కొత్తగా వచ్చిన పిల్లలకు అదే చెప్పింది.

ఆ సాయంత్రం దమయంతి చెల్లెలికి ఫోను చేసింది. ఊర్మిళ పనిలో ఉంది. ఇంకో పన్నెండు రోజుల్లో ప్రభుత్వ నిపుణుల సంఘం పలకను పరీక్షించబోతోంది. వాళ్లు సరేనంటే రాష్ట్రంలో ప్రతి పెద్ద ఆసుపత్రిలోనూ, ప్రతి కర్మాగారం గేటు దగ్గరా పలక ఉంటుంది. అయినా అక్క గొంతు విని ఊర్మిళ రికార్డు తెరిచి చూసింది. చిగుళ్లు ఉబ్బినప్పటి నుంచి ఇరవై మూడు రోజులు, ఒక్కటి కూడా తప్పకుండా పచ్చ. చిగుళ్ల సంగతి పళ్ల డాక్టరుకు చూపించమంది. తిమ్మిరికి బీ విటమిన్ మాత్రలు చెప్పింది. చేతి మీది మచ్చలు జీడివేనంది. పలక అబద్ధం చెప్పదప్పా, అని అక్కకు ధైర్యం చెప్పింది.

"నీ పలక నన్ను సూడనేదే," అంది దమయంతి. "నువ్వూ సూడనేదు." ఫోను పెట్టేసింది.

కాశీబుగ్గలో పళ్ల డాక్టరు పళ్లకు గార పట్టిందని శుభ్రం చేశాడు. పది నిమిషాల్లో ఆగాల్సిన నెత్తురు మధ్యాహ్నందాకా ఆగలేదు. నోట్లో కుక్కిన దూదిని మూడుసార్లు మార్చాక ఆ డాక్టరు ముఖం పాలిపోయింది. పెద్దాసుపత్రికి వెళ్లమని చీటీ రాశాడు. కూర్మారావు తన సామాన్ల ఆటోలో ఇంటికి తీసుకొచ్చి, రెండు రోజులు చూద్దామన్నాడు. ఆరోగ్యం బాగుందని మిషనే చెబుతుంటే కంగారెందుకన్నాడు. మరదలు చేసిన మిషను మీద అతనికి భార్య కన్నా ఎక్కువ గౌరవం.

మర్నాడు పొద్దున అతను సరుకు వేసుకుని వెళ్లగానే దమయంతి విశాఖ రైలెక్కింది.

ప్రయోగశాల కాపలావాడు లోపలికి వదలలేదు. ఆమె కదల్లేదు. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మా సెల్లిని పిలువు, నేపోతే నానే కేకేత్తాను, అంది. ఊర్మిళ కిందికి పరుగెత్తుకొచ్చింది. నాలుగు నెలల కిందట చూసిన అక్క ఇప్పుడు సగమైపోయింది. కొంగు తీసేసరికి పళ్ల స్థానంలో మాంసం కనిపించింది.

లోపల బల్ల మీద దమయంతి రెండు చేతులూ పరిచింది.

"ఇది జీడి," అంది ఎడమచేతి బొటనవేలు చూపించి. అక్కడ చర్మం నల్లగా మాడి పొరలుగా లేస్తోంది. "ఇది కాదు," అంది కుడిచేతి వెనక చూపించి. "నొక్కు."

ఊర్మిళ నొక్కింది. మచ్చ వేడిగా ఉంది. దమయంతి పళ్లు బిగించింది.

"జీడి పొక్కు గోకితే మండుతాది. నొక్కితే నొప్పెట్టదు. మూడ్రోజులకి పొరూడిపోతాది. ఇది ఇరవై దినాలు పైబడింది, ఊడ్నేదు. ఇంకోటి సెప్పు. కుడి సేతి మీదకి సొన ఎలగొత్తాది?"

"రెండు చేతులకీ వస్తుంది కదప్పా. అమ్మకి..."

"అమ్మ సెక్క సుత్తితో కొట్టీది. ఇప్పుడెవులు కొడతన్నారు? మిషను వొచ్చి పదేళ్లయింది. పిక్క ఎడం సేత్తో పెడతాను, కుడి సేత్తో పిడి లాగుతాను. పిడికి సొన ఉంటాదేటి?"

ఊర్మిళ ఆ చెయ్యి తిప్పి చూసింది. బల్ల మీది కుడిచేతి అరచేయి ఇనుప పిడి రాసుకుని గట్టిపడి, మెరుస్తూ, శుభ్రంగా ఉంది.

మూడేళ్ల కిందట మొదటి పరీక్షల్లో పలక జీడి పనివాళ్లలో చాలామందికి ఎర్రదీపం వెలిగించింది. సొన పడ్డచోట చర్మం వాచి తెల్లకణాలు చేరడంతో వెలుతురు తడబడేది. ప్రయోగశాల అధిపతి ఫణీంద్ర, ఆ కూలీలను లెక్కలోంచే వదిలేద్దామన్నాడు. ఊర్మిళ ఒప్పుకోలేదు. అవి మా అమ్మ చేతులు సార్, వాటిని చదవలేకపోతే పలక ఎందుకని పోట్లాడింది. ఏడాదిపాటు కూర్చుని ఒక సవరణ రాసింది. చేతుల మీద మచ్చ ఉన్నచోట ఎంత తడబాటు ఉందో అంతా జీడి వల్లనేనని తీసివేయడం. అందరూ దాన్ని జీడి తీసివేత అనేవారు. అమ్మ చేతులు ఆమెకు కంఠతా వచ్చు. రెండు అరచేతులూ, రెండు చేతుల వెనకా, మణికట్టు దాకా నలుపు. ఆ జ్ఞాపకాన్నే పలకకు నేర్పింది. ఈ పదేళ్లలో అక్క ఇంటికి వెళ్లి చేపల పులుసు తిని వచ్చిందే తప్ప, ఒక్కసారీ షెడ్డులో అడుగుపెట్టలేదు.

ఊర్మిళ లేచి వెళ్లి జీడి తీసివేతను ఆపేసింది. అక్క చేతులను ప్రయోగశాల పలక మీద ఆనించింది. పలక ఎర్రగా వెలిగింది. గేటు దగ్గరి పాత రికార్డులను కూడా తీసివేత లేకుండా మళ్లీ చదివించింది. ఆ ఇరవై మూడు రోజుల్లో నాలుగో రోజు నుంచే ఎరుపు. మచ్చలు పెరిగేకొద్దీ తీసివేత పెరిగింది. దమయంతి జబ్బు ముదిరేకొద్దీ పలక ఆమెను మరింత ఆరోగ్యవంతురాలిగా చూపించింది.

"ఏటంతాది?" అని అడిగింది దమయంతి.

ఊర్మిళ చెప్పింది. అబద్ధం చెప్పలేదు, తన తప్పును కూడా దాచలేదు. దమయంతి పలక మీంచి చేతులు తీసి కొంగుకు తుడుచుకుంది.

"ఏడుపు తర్వాత. ముందు ఆసుపత్రికి పద," అంది.

నెత్తురు పరీక్షలోనూ, ఎముక మూలుగ పరీక్షలోనూ అదే తేలింది. తీవ్రమైన నెత్తురు కేన్సరు. చిగుళ్లలోకీ, చర్మంలోకీ, దవడ నరంలోకీ ముందుగా చేరే రకం. చాలామంది ఇలాగే పళ్ల డాక్టరు దగ్గరికో, చర్మం డాక్టరు దగ్గరికో తిరిగి ఆలస్యంగా వస్తారని, వార్డు చూసే కుర్ర డాక్టరు చెప్పాడు. ఇది ఎప్పటి నుంచి ఉందని అడిగాడు.

"పలక పచ్చగా ఎలిగినప్పట్నుంచి బాబూ," అంది దమయంతి.

ఆ సాయంత్రమే చేతికి గొట్టం పెట్టి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. కూర్మారావు పలాస నుంచి వచ్చి వార్డు బయట చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఊర్మిళను చూసి పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

ఫణీంద్ర చెడ్డవాడు కాదు. కబురు విన్న గంటలో ఆసుపత్రికి వచ్చాడు, పెద్ద డాక్టరుతో మాట్లాడాడు, ఖర్చు ప్రయోగశాలే భరిస్తుందన్నాడు. కారిడార్లో ఊర్మిళను పక్కకు పిలిచాక అసలు సంగతి చెప్పాడు. తప్పు దొరికింది కాబట్టి దిద్దుదాం, కానీ సంఘం వచ్చి వెళ్లాక దిద్దుదాం. ఈ నాలుగు నెలల్లో పలక బట్టల మిల్లులోనూ, ఓడరేవులోనూ పదకొండు మందిని ముందే పట్టుకుంది. వాళ్లలో తొమ్మిదిమంది బతికే దారిలో ఉన్నారు. ఇప్పుడు తప్పు బయటపెడితే పలక ఆగిపోతుంది. ఆగిన ప్రతి నెలా ఎవరో ఒకరు పోతారు.

"మీ అక్కగారి పేరు రికార్డులోంచి తీసేస్తే చాలు," అన్నాడు.

ఊర్మిళ రాత్రంతా ఆలోచించలేదు. తప్పు దాచకూడదని అక్కడే, కారిడార్లో బెంచీ మీదే తేల్చుకుంది. తేలనిది వేరే ఉంది. తీసివేత ఆపేస్తే కర్మాగారంలో సగంమందికి ఎర్రదీపం వెలుగుతుంది. రోగిష్టివాళ్లని యజమాని వాళ్లను గేటు బయటే ఆపేస్తాడు. తీసివేత ఉంటే అక్కలాంటివాళ్లు చస్తారు, లేకపోతే మిగతావాళ్ల పని పోతుంది. ఈ సంగతి అక్కకు చెప్పకూడదనుకుంది. కానీ ఆమె ముఖం చూసి దమయంతే అడిగి రాబట్టింది.

అప్పటికి మందు మొదలై ఐదో రోజు. జుట్టు ఇంకా రాలలేదు కానీ నోరంతా పూసింది, మాట ముద్దగా వస్తోంది.

"అంత సదువుకున్నావు. మమ్మల్ని అడగొచ్చని ఒక్కలికీ తోచనేదేటి?"

"ఏమని అడగాలప్పా?"

"ఇది సొనా, కాదా అని. ఏ సెయ్యి? ఎప్పుడు పడింది? నొక్కితే నొప్పా, గోకితే మంటా? నాను మూడు వారాలు సెప్పినాను. మేస్త్రి నవ్వినాడు, మీ బావ ఇన్నేదు, నువ్వు మాత్రలు సెప్పినావు. మిషనుకి అడగడం నేర్పు."

ఊర్మిళ ఆ మాటను ఫణీంద్ర దగ్గరికి తీసుకువెళ్లింది. దీపం వెలిగేముందు పలక మనిషిని మూడు ప్రశ్నలు అడగాలి, ఆ మనిషి సొన కాదన్న మచ్చ మీద తీసివేత చేయకూడదు. ఫణీంద్ర తల అడ్డంగా ఊపాడు. కూలిమనిషి చెప్పిన మాట కొలత కాదన్నాడు. అడిగి తెలుసుకునేటట్టయితే యంత్రం దేనికన్నాడు. సంఘం ముందు తీసివేత ఉన్న పలకనే పెట్టమని రాతపూర్వకంగా ఆదేశించాడు. ఊర్మిళ ఆ కాగితం వెనకే తన తప్పును నాలుగు వాక్యాల్లో రాసి, సంతకం పెట్టి, సంఘానికి పంపించింది.

దమయంతి పడక మీది నుంచి తులసమ్మకు ఫోను చేసింది. తులసమ్మ షెడ్డులో ఆమె పక్క మిషను మీద కూర్చునే మనిషి, అందరికన్నా పెద్దది, నోరున్నది.

పరీక్ష రోజున సంఘం నేరుగా పలాస వచ్చింది. జీడి చేతులను కూడా చదవగలదన్నదే పలక గొప్ప కాబట్టి ఆ గేటు దగ్గరే చూపించాలని ఫణీంద్ర ఎప్పుడో ఏర్పాటు చేశాడు. నెరిసిన జుట్టు డాక్టరమ్మ ఒకావిడ, ఇద్దరు అధికారులు కుర్చీల్లో కూర్చున్నారు. యజమాని తరఫున మేనేజరు కొబ్బరినీళ్లు తెప్పించాడు.

ఆడవాళ్లు వరసలోకి వచ్చారు. ఒక్కరి చేతులూ కనిపించడం లేదు. అందరూ కొంగుల కింద దాచుకున్నారు. మేస్త్రి మొదటామెను పలక దగ్గరికి పొమ్మన్నాడు. ఆమె తులసమ్మ వైపు చూసింది.

"ఇయ్యం," అంది తులసమ్మ. "మా దమయంతి సేతులు ఇరవై మూడు దినాలు ఇచ్చింది. దీనికి కనబడనేదు. ముందు మమ్మల్ని అడగమను, తర్వాత సేతులిత్తాం."

మేనేజరు అరవబోతే డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. తన దగ్గరికి వచ్చిన కాగితాన్ని సంచీలోంచి తీసి, ఇది రాసినదెవరని అడిగింది. ఊర్మిళ ముందుకు వచ్చింది. ఫణీంద్ర ఆమె వైపు చూడలేదు.

ఊర్మిళ అందరి ముందూ తీసివేతను ఆపేసి పలక పక్కన నేల మీద కూర్చుంది. ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టింది. ఏ చేత్తో పిక్క పెడతావు? ఈ మచ్చ ఎప్పుడు లేచింది? నొక్కితే నొప్పిగా ఉందా? యాభై రెండుమంది చేతులు పెట్టారు. ముప్పై ఒక్కరికి ఎర్రదీపం వెలిగింది. అదిగో, అన్నట్టు మేనేజరు లేచి, ఎరుపు వచ్చినవాళ్లు ఇంటికి పొమ్మన్నాడు. ఎవరూ కదల్లేదు. ముప్పై ఒక్కరూ గేటుకు అడ్డంగా కూర్చున్నారు, పచ్చ వచ్చినవాళ్లు వాళ్ల వెనక కూర్చున్నారు. బాయిలర్లో ఉడికిన పిక్కలు చల్లారుతున్నాయని మేస్త్రి మొత్తుకున్నాడు.

"సల్లారనీ," అంది తులసమ్మ. "నీ సేత్తో కొయ్యి, తెలుత్తాది."

ఇరవై తొమ్మిదిమంది తమ మచ్చ ఏ రోజు సొనదో, ఎలా పడిందో చెప్పగలిగారు. ఇద్దరు తెలియదన్నారు. ఆ ఇద్దరికీ అక్కడే నెత్తురు తీశారు. ఒకామెది గజ్జి, ఇంకొకామెకు నెత్తురు తక్కువ, అంతకుమించి ఏమీ లేదని రెండు రోజుల తర్వాత తేలింది. ఆ రోజు మాత్రం డాక్టరమ్మ రెండు ముక్కలు రాసింది. ఎర్రదీపం వెలిగిందని ఎవరినీ పనిలోంచి ఆపకూడదు. మనిషిని అడగడం నేర్చేదాకా పలకకు అనుమతి లేదు, ఆరు నెలల గడువు.

తిరిగి వెళ్లడానికి కారు ఎక్కబోతూ ఫణీంద్ర ఆగాడు.

"ఆరు నెలలు. ఈలోగా ఎంతమంది పోతారో లెక్కవేశావా?"

ఊర్మిళ వేసింది. ఆ లెక్క ఆమెకు తెలుసు, చెప్పలేదు. "వాళ్లు కూడా నా మీదే ఉంటారు సార్. కానీ పచ్చదీపం చూపించి చంపలేను," అంది.

మర్నాడు ప్రయోగశాలలో ఆమె బల్ల వేరే ఇంజనీరుకు ఇచ్చారు. జీడి తీసివేతను దిద్దే పని మాత్రం ఆమెదేనని, దాన్ని ఇంకెవరూ చేయలేరని వారం తిరక్కుండా ఫణీంద్రే కబురు పంపించాడు. పలాస షెడ్డులోనే కూర్చుని చేస్తానని ఆమె షరతు పెట్టింది. అతను ఒప్పుకున్నాడు.

మందు మొదలైన ఇరవై ఎనిమిదో రోజున దమయంతికి మళ్లీ మూలుగ పరీక్ష చేశారు. ఈలోగా జుట్టంతా పోయింది, రెండుసార్లు జ్వరం ఆమెను అంచుదాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చింది. చిగుళ్లు మాత్రం దిగాయి. పళ్లు మళ్లీ బయటికి కనిపిస్తున్నాయి. గడ్డం మీద నీటిబొట్టు పడితే తెలుస్తోంది.

కుర్ర డాక్టరు రిపోర్టుతో వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చోవడంలోనే కబురు కొంత తెలిసిపోయింది. కేన్సరు తగ్గింది కానీ పోలేదు. ఇంకో దఫా మందు ఇవ్వాలి, అది మొదటిదానికన్నా గట్టిది. ఒంట్లో బలం తక్కువగా ఉంది కాబట్టి బాగా ఆలోచించుకోమన్నాడు.

కూర్మారావు గోడ వైపు తిరిగాడు. చాలు, ఇంటికి తీసుకెళ్లిపోతానన్నాడు. ఈ నెలరోజుల్లో ఆమె పడ్డది చూశాను, ఇంక చూడలేనన్నాడు. ఊర్మిళ మంచం కోడు పట్టుకుని నిలబడింది. తన పలక చెప్పిన మాట మీద అక్క ఇరవై మూడు రోజులు పోగొట్టుకుంది. ఇప్పుడు ఇంకో మాట చెప్పే హక్కు తనకు లేదనుకుంది.

"నువ్వు సూడనేకపోతే బయట కూకో," అంది దమయంతి భర్తతో, మెత్తగానే. "పడతన్నది నాను."

అతను బయటికి వెళ్లలేదు. వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. రెండో దఫాతో ఎంతమందికి నయమవుతుందో, ఎంతమంది తట్టుకోలేరో లెక్క ఉందని, కావాలంటే చెబుతానని, వినాలో వద్దో ఆమె ఇష్టమని అన్నాడు.

దమయంతి దిండు మీద చేతులూని పైకి జరిగి కూర్చుంది.

"ఆ లెక్క మీ దగ్గరే ఉంచండి బాబూ. గొట్టం ఈపాలి ఏ సేతికి పెడతారో అది సెప్పండి."